నొప్పికి నలభై మార్కులు

జనవరి 7

ఈ రోజు సూపరింటెండెంట్ గారు పిలిచి ఒక ఆర్డరు కాపీ చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళుగా ఈ ఆసుపత్రికి మంచాలు, గ్లౌజులు, ఎక్స్‌రే ఫిల్ములు కొనిపెడుతున్నాను. ఏం కొనాలో ముందే తెలుస్తుంది. పొడవెంత, వోల్టులెన్ని, వారంటీ ఎన్నాళ్ళు అని రాసి టెండరు వేస్తాను. ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ళకు. ఈసారి అలా కాదు. కాగితం మీద వస్తువు పేరే లేదు, సమస్య మాత్రమే ఉంది. ఏళ్ళ తరబడి నొప్పితో బతుకుతున్నవాళ్ళు ఇంట్లోనే ఉండి తమ నొప్పిని తామే చూసుకోవడానికి కొత్త పరికరం ఏదైనా కావాలట. ఎవరి దగ్గర ఏ ఉపాయం ఉంటే అది తెస్తారు, మేం వాడించి చూసి కొనాలి. ముందుగా ప్రయత్నించే చోట్లలో కడప ఒకటి. కమిటీ కన్వీనర్ నేను.

"నువ్వైతే జాలీ గీలీ అని కూర్చోవు తనూజా, కాయితం ప్రకారం పోతావు. అందుకే నిన్ను పెట్టినా" అన్నారు ఆయన. మెచ్చుకోలే అనుకోవాలి.

నా సంగతి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

లిఫ్టు పనిచేస్తున్నా మెట్లే ఎక్కాను. కాలు మామూలే.

జనవరి 12

ఆదివారం. అత్త పొద్దున్నుంచీ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. పాలవాడికి చెప్పింది, పక్కింటి టీచరమ్మకు చెప్పింది, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినతనికీ చెప్పింది. ఎందుకత్తా అందరికీ అంటే, "చెప్పుకుంటే తలా ఇంత తీసకపోతారు మే. కడుపులో పెట్టుకుంటే అంతా మనదే కదా" అంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు అదృష్టవంతురాలివి. ఆపరేషన్ చేయించుకొని తేలిపోయినావు. నేనే వద్దంటి" అని చేయి ఊపింది.

నవ్వాను.

ఆపరేషన్ వద్దని అత్త, కొన్నాళ్ళు ఆగుదామని మా ఆయన సుధీర్. ఇద్దరితోనూ పోట్లాడి బెంగళూరుకు వెళ్ళి చేయించుకున్నది నేనే. నడుం నొప్పి నిజంగానే పోయింది. అది ఎడమకాల్లోకి దిగింది, అంతే. పిరుదు దగ్గర మొదలై మడమ దాకా, వేడినూనె చుక్కలు చుక్కలుగా పోసినట్టు. ఆపరేషన్ తప్పు కాదు అది. నా నరం కొంచెం మొండిది. మూడేళ్ళయింది, అదే సర్దుకుంటుంది.

జనవరి 13

కాలు మామూలే.

ఫిబ్రవరి 11

వచ్చిన వాటిలో రెండే మిగిలాయి. ఈ రోజు రెండూ తెచ్చి చూపించారు.

మొదటిది పలుచని బిళ్ళ. అప్పడమంత ఉంటుంది, లేత నీలం రంగు. నొప్పి ఉన్నచోట ఒంటికి అంటిస్తే సన్నగా కరెంటు ఇస్తుంది. ఎంత ఇవ్వాలో ఫోనులోని యాప్ చూసుకుంటుంది. రోజూ పొద్దున సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో అడుగుతుంది, మనం చెప్పినదాన్ని బట్టి తనే నేర్చుకుంటుంది. తెచ్చినతని పేరు జయకుమార్. ఆళ్ళగడ్డ పిల్లవాడే, బెంగళూరు కంపెనీలో చేస్తున్నాడు. తన చేతికే అంటించుకుని చూపించాడు. ఎముకల డాక్టరు గారు కూడా మెడకు పెట్టించుకుని "బాగుండాదే" అన్నారు.

రెండోది పట్టీ. స్కూలు సంచి పట్టంత మందం, దానికి పెట్టెలాంటిది ఒకటి, రెండు తిప్పుడు మీటలు. ఫోను అక్కర్లేదు. ఆన్ చేస్తే "దయచేసి మీ నొప్పి స్థాయిని ఎంచుకోండి" అని వార్తలు చదివే గొంతుతో అంటుంది. కట్టుకుంటే గుర్రుమంటుంది. ఎవరో "కడప బండ కట్టినట్టుండాది" అన్నారు, అందరం నవ్వాం.

ఫిజియోథెరపీ శివజ్యోతి మాత్రం నవ్వలేదు. పట్టీని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 12

శాంపిళ్ళు నా బీరువాలోనే ఉంటాయి, నా సంతకంతో. ఒక బిళ్ళ ఇంటికి తెచ్చాను. కొనబోయేది ఎలా పనిచేస్తుందో కన్వీనర్‌కు తెలియాలి కదా. యాప్‌లో పేరు అడిగింది. నా పేరు ఇవ్వడం బాగుండదని అత్త పేరు ఇచ్చాను. ఓబులమ్మ, డెబ్బై ఒకటి. నొప్పి ఎక్కడ అంటే మోకాలు అని పెట్టబోయి ఎడమకాలు అని పెట్టాను. పరీక్ష సరిగ్గా జరగాలి.

ఎంత అంటే ఎనిమిది అన్నాను.

ఫిబ్రవరి 14

ఐదు.

ఫిబ్రవరి 20

మూడు.

ఈ సాయంత్రం నేల మీద కూర్చుని తిన్నాను. బాసిపట్టు వేసుకుని, కింద, కంచం ముందర పెట్టుకుని. సంగటి, చెనక్కాయల చట్నీ. మూడేళ్ళుగా బల్ల దగ్గర కూర్చుని తింటుంటే ఆఫీసరమ్మ పోకడలని అత్త అనుకునేది. ఈ రోజు నా పక్కన తన పీట వేసుకుని, "ఇప్పుడు కోడలి మాదిరి కూచున్యావు" అంది. ముద్ద గొంతులో అడ్డం పడింది. కారం ఎక్కువైందని చెప్పాను.

లేచేటప్పుడు గోడ పట్టుకోలేదు.

ఫిబ్రవరి 26

ఇంకో వారం వాడి చూసి తిరిగి బీరువాలో పెట్టేస్తాను. ఇలాంటివాటికి కొంత కాలం పరీక్ష ఉండాలి.

మార్చి 3

మార్కుల పట్టిక రాశాను. నొప్పి ఎంత తగ్గింది, నలభై. సాంకేతికత ఎంత కొత్తది, ముప్పై. ధర ఇరవై. వాడటానికి ఎంత సులువు, పది. రెండుసార్లు చదువుకున్నాను. న్యాయంగానే ఉంది. నొప్పి పరికరానికి నొప్పి తగ్గడమే గదా ముఖ్యం.

శివజ్యోతి చదివి బల్ల మీద పెట్టింది. "ఈ మార్కులు ఎవరు రాసినారు మేడమ్?"

"నేనే. ఏం?"

"ఏం లేదు. బిళ్ళను ముందర పెట్టుకొని రాసినట్టుండాది."

కోపం వచ్చింది. పదిహేనేళ్ళు చిన్నది నాకంటే. "నొప్పి తగ్గకపోతే సులువుగా ఉండి ఏం లాభం?" అన్నాను.

"తగ్గేది వాడితే కదా మేడమ్. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు వ్యాయామం చెప్పి పంపిస్తా. పది మందిలో ఇద్దరు చేస్తారు. మిగతావాళ్ళు సోమరులని కాదు, వాళ్ళ ఇంట్లో అది కుదరదు. పేషెంట్ల ఇండ్లకు ఇచ్చి చూద్దాం. సగం మందికి ఇది, సగం మందికి అది. నెల తర్వాత మార్చి ఇద్దాం. ఆ తర్వాత రాద్దాం మార్కులు."

"టైము లేదు."

"ఆర్డర్లో వాడించి చూడమనే కదా రాసినారు? కాయితం మీరే చదివి వినిపించినారు."

కాగితం ప్రకారం పోయేదాన్ని కాగితంతోనే పట్టుకుంది. సరే అన్నాను. పట్టిక మాత్రం అలాగే ఉంచాను. నాది ఏం తప్పు?

మార్చి 10

పరికరాలు పంచాం. రాజంపేట నుంచి, ప్రొద్దుటూరు నుంచి, ఎర్రగుంట్ల బండల పాలిష్ మిషన్ల దగ్గర నుంచి వచ్చారు. నడుములు, మెడలు, భుజాలు. గిడ్డమ్మ అని ఒకామె ఎర్రగుంట్లలో బండలు తడిపి తిప్పే పని చేస్తుంది. కుడి భుజం పైకి లేవదు. రైకె తొడుక్కోవడానికి కూడా కోడలు రావాలట. ఆమెకు బిళ్ళ వచ్చింది. చేతిలో పెడితే చీర చెంగులో దాచుకుంది.

నాకు సంతోషం వేసింది ఆమెకు బిళ్ళ వచ్చినందుకు.

మార్చి 27

వాడుతున్నవాళ్ళను ఆసుపత్రికి పిలిచాం. గిడ్డమ్మను నేనే అడిగాను.

"ఎట్లుండాదమ్మా మిషను?"

"బాగుండాదమ్మా."

"భుజం?"

"బాగుండాది."

"రోజూ పెట్టుకుంటాండావా?"

"పెట్టుకుంటాండానమ్మా. శానా బాగుండాది."

రాసుకున్నాను. శివజ్యోతికి చూపించాను, చూడు అన్నట్టు. ఆ అమ్మాయి గిడ్డమ్మ భుజం కేసి చూసింది.

ఏప్రిల్ 8

మధ్యాహ్నం జయకుమార్ ఫోన్ చేశాడు. మామూలు మాటలు అయ్యాక, "మేడమ్, ఓబులమ్మ గారు ఎవరు? మీ దగ్గర ఉండే యూనిట్ ఆమె పేరు మీద కనిపిస్తాంది మాకు. ఒక్క రోజు కూడా మానలేదు. ఎనిమిది నుంచి మూడుకు వచ్చింది. ఇంత బాగా మా ట్రయల్ మొత్తంలో ఇంకెవరికీ రాలేదు" అన్నాడు.

ప్రతి ఉదయం నేను నొక్కిన అంకె బెంగళూరులో ఎవరో చూస్తున్నారని నాకు తోచనే లేదు. సుధీర్‌కు తెలియని సంగతి ఈ పిల్లవాడికి తెలుసు. పేరొక్కటే తెలియదు.

"మా బంధువు" అన్నాను.

"కమిటీ ముందర చెప్పుకోవచ్చా మేడమ్? కడపకు చెందిన ఓబులమ్మ గారని ఒక స్లైడు పెడతా. ఆమె వాడుకోవాలంటే యూనిట్ వాళ్ళ దగ్గరే పెట్టుకోమనండి. మేం వెనక్కి అడగం." అతని గొంతులో కుతంత్రం ఏమీ లేదు. తను చేసిన వస్తువు ఒకరికి పనిచేసిందన్న సంబరం, అంతే. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆలోచించి చెప్తానన్నాను.

ఏప్రిల్ 9

మూడు.

ఏప్రిల్ 10

జయకుమార్‌ను ఆ స్లైడు పెట్టవద్దంటే పెట్టడు. ఎందుకని కూడా అడగడు. అప్పుడు నేను అతనికి బాకీ పడినట్టే. బిళ్ళా నా దగ్గరే ఉండిపోతుంది. బజారులో ఇంకా దొరకదు అది.

ఏం రాయాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 16

పరికరాలు మార్చి ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని, శివజ్యోతి ఆసుపత్రి జీపు తీసుకుని ఎర్రగుంట్లకు పోదామంది. ముందుగా చెప్పకుండా పోదామంది. ఎండ రాయిని కూడా పొడి చేసేట్టుంది. గిడ్డమ్మ ఇల్లు పాలిష్ మిషన్ల వెనక వీధిలో ఉంది. గోడలు, చెట్లు, గుమ్మం అన్నీ బండల దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. ఆమె మమ్మల్ని చూసి లేచి, ఎడమచేత్తో మంచం జరిపింది.

"మిషను చూపించమ్మా" అంది శివజ్యోతి.

"ఆడ్నే ఉండాది."

"యాడ?"

గిడ్డమ్మ నా వైపు చూసింది, శివజ్యోతి వైపు చూసింది. లోపలికి పోయి బియ్యం డబ్బా మూత తీసింది. బియ్యంలో చేయి పెట్టి, గుడ్డలో చుట్టిన బిళ్ళను తెచ్చింది. దాని వెనక జిగురంతా బండల దుమ్ము పట్టి ఎండిపోయి ఉంది.

రోజూ పెట్టుకుంటున్న వస్తువు కాదు అది.

"ఎందుకమ్మా బాగుండాదని చెప్పినావు?" అని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"ఏం చేసేదమ్మా. ఫోను నా కొడుకు జేబులో ఉంటాది. వాడు పొద్దున పోతే పొద్దుగూకినాంక వస్తాడు. మొదటి రోజు పెట్టించినాడు, చెమటకు జారిపాయ. మళ్ళా పెడితే ఎర్రదీపం వచ్చె, తాళం పడిందంట, బెంగళూరోళ్ళు తీయాలంట." ఆమెకు కోపం వచ్చింది. "నొప్పి నాది, తాళం వాళ్ళదా?"

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"బాగలేదంటే ఇచ్చే మాత్రలు గూడా నిలిపేస్తారేమో అని. బాగుండాదంటే ఎవురూ ఏం అడగరు కదమ్మా."

నాకు కూర్చోవాలనిపించింది. మంచం మీద కూర్చున్నాను. బాగుండాదంటే ఎవరూ ఏం అడగరు. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు.

జీపులో వస్తూ శివజ్యోతి నన్ను ఏదో ఒకటి అంటుందని చూశాను. కిటికీ లోంచి చూస్తూ, "బిళ్ళ మంచిదే మేడమ్. వీళ్ళ ఇండ్లకు సరిపోదు" అంది. "ఫోను చేతిలో ఉన్నవాళ్ళకు, చల్లగా నీడన కూర్చునేవాళ్ళకు బాగా పనిచేస్తాది."

నా లాంటివాళ్ళకు. ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

ఏప్రిల్ 17

మార్కుల పట్టిక చించేశాను. పట్టిక రాసిన రోజు నా కాలికి బిళ్ళ ఉంది. ఇంకేం చెప్పాలి.

మొదటి నెల లెక్కలు చూసే కమిటీ 23న. దానికంటే ముందు ఇంట్లో.

ఏప్రిల్ 20

ఆదివారం. టిఫినులు అయ్యాక సుధీర్‌ను హాల్లో కూర్చోబెట్టి చెప్పాను. అత్త గుమ్మం దగ్గర చెనక్కాయలు ఒలుస్తోంది. వినాలనే ఆమె కూడా ఉన్నప్పుడు చెప్పాను.

కాలు సంగతి, మూడేళ్ళ సంగతి, బిళ్ళ సంగతి. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేదు.

సుధీర్ చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. "తిరుమల నడిచి ఎక్కుదామంటే మొక్కు లేదంటివి" అన్నాడు. "కాలేజీ వాళ్ళతో గండికోట పోదామంటే ఆఫీసు పనంటివి. నేను నీకు నాతో రావడం ఇష్టం లేదనుకున్యా. మూడేండ్లు అట్లే అనుకున్యా తనూ." లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇలా జరుగుతుందని నేను ఊహించలేదు. ఆపరేషన్ విషయంలో 'నేను చెప్పలేదా' అంటారనే భయపడ్డాను ఇన్నాళ్ళూ. ఇంకో వైపు ఆలోచించనే లేదు.

అత్తకు వేరే బాధ. "నా పేరు పెట్టినావా మిషన్లో? నా నొప్పి మూడుకు దిగిందని రాసుకున్యారా వాళ్ళు? నాకు యాడ దిగిందే! పొద్దున్నుంచి పీకుతాండాది!" అని ఒలిచిన కాయలన్నీ పక్కకు తోసింది. ఏడుస్తున్నదాన్ని నవ్వాను. అది చూసి ఇంకా కోపం తెచ్చుకుంది. కాసేపటికి తన నూనె గిన్నె పట్టుకుని వచ్చి, "కాలు ఇట్ల సాపు" అంది.

సుధీర్ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

ఏప్రిల్ 23

వివరంగా రాసుకోవాలి.

కమిటీ మొదలవగానే నేను నిలబడ్డాను. ఆపరేషన్ తర్వాత మూడేళ్ళుగా నాకు కాలి నొప్పి ఉందని, శాంపిల్ బిళ్ళను ఇంట్లో రెండు నెలలకు పైగా వాడానని, వేరే పేరుతో వాడానని, అది వాడుతూనే మార్కుల పట్టిక రాశానని చెప్పాను. నేను మార్కులు వేయకూడదని, ఇదంతా మినిట్స్‌లో రాయాలని అడిగాను.

సూపరింటెండెంట్ గారి ముఖం ఎర్రబడింది. "ఏంది తనూజా ఇది? ఈడ దాకా వచ్చినాంక చెప్పేదా? పైకి తెలిస్తే ఈ పనంతా ఇంకో జిల్లాకు పోతాది. వెనక్కి పెట్టేసి ఊరికే ఉండొచ్చు కదా, ఎవరికి తెలిసేది?"

"కంపెనీకి తెలుసు సార్. వాళ్ళకు తెలియకపోయినా చెప్పేదాన్నే."

"చెప్పేదాన్నే అంటే సరిపోతాదా? మెమో ఇయ్యాల్సి వస్తాది."

"ఇవ్వండి సార్. జవాబు రాస్తా. కాయితం ప్రకారం పోతానని కదా నన్ను పెట్టినారు. ఇది కూడా కాయితం మీద రాయండి."

ఎముకల డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "మూడేండ్లుగా నా గది ముందర్నుంచే పోతాండావు కదమ్మా. ఒక్క రోజన్నా లోపలికి వచ్చినావా?"

"రాలేదు సార్."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాను. ఇది చెప్పడమే కష్టమైంది. బిళ్ళ పనిచేస్తుందని చెప్పాను. నాకు ఎనిమిది నుంచి మూడుకు తగ్గిందని, జయకుమార్ చెప్పేది అబద్ధం కాదని, నా తప్పు వల్ల ఆ పిల్లవాడి కష్టం పోకూడదని. గిడ్డమ్మ బియ్యం డబ్బా సంగతి కూడా చెప్పాను. రెండూ నిజాలే. రెండూ రాయాలి.

గంటన్నర వాదించుకున్నారు. చివరికి తేలింది ఇది. ఫైళ్ళు నేనే చూడాలి, మార్కులు నేను వేయకూడదు. పట్టికను శివజ్యోతి, ఎముకల డాక్టరు గారు కలిసి కొత్తగా రాయాలి. నా వాడకం ఒక పేషెంటు చెప్పిన మాటగా ఫైల్లో ఉండాలి, నా పేరుతోనే. మెమో వస్తుంది.

బయటకు వచ్చాక శివజ్యోతి నా చేతిలోంచి ఫైళ్ళ కట్ట తీసుకుంది. "లిఫ్టులో పోదాం మేడమ్" అంది. పోయాం.

ఏప్రిల్ 25

జయకుమార్ వచ్చాడు. బిళ్ళ తిరిగి ఇచ్చాను. తీసుకోలేదు. "మీ దగ్గరే పెట్టుకోండి మేడమ్. ఎవ్వరికీ చెప్పను" అన్నాడు.

"నేనే అందరికీ చెప్పేసినా కదప్పా."

నవ్వబోయి నవ్వలేకపోయాడు. డబ్బాలో పెట్టుకున్నాడు. ఆ తాళం సంగతి చెప్పాను. చెమట సంగతి, ఫోను కొడుకు జేబులో ఉండే సంగతి. అతను తన ఫోనులో రాసుకుంటూ, "మేం ట్రయల్ చేసింది ఏసీ గదుల్లో మేడమ్" అన్నాడు.

ఏప్రిల్ 27

ఏడు.

అడిగేవాళ్ళు లేకపోయినా అంకె వేసుకుంటున్నాను.

ఏప్రిల్ 30

ఎనిమిది. ఆఫీసుకు వెళ్ళాను.

మే 6

వెళ్ళలేదు. సెలవు చీటీలో జ్వరం అని రాయబోయి, కాలి నొప్పి అని రాశాను. సుధీర్ కాలేజీకి పోయేముందు మంచం పక్కన నీళ్ళు, ఫోను, మజ్జిగ పెట్టి వెళ్ళాడు. ఆ బిళ్ళను ఎందుకు ఇచ్చేశానా అని పొద్దుటి నుంచి పదిసార్లు అనుకున్నాను. జయకుమార్‌కు ఫోన్ చేస్తే సాయంత్రానికి తెచ్చిస్తాడు. నంబరు కూడా తీశాను.

చేయలేదు. ఇది గొప్ప కాదు. చేయలేదు, అంతే.

మే 8

ఎముకల డాక్టరు గారి గదికి ఓపీ చీటీ రాయించుకుని వరుసలో నిలబడి వెళ్ళాను. మందు మార్చారు. శివజ్యోతి దగ్గరికి పంపారు. వ్యాయామాలు చెప్పింది. "చేస్తారా మేడమ్, లేక ఎనిమిది మంది బ్యాచ్చా?" అని అడిగింది. చేస్తానన్నాను. "మా ఇంట్లో కుదురుతాది."

మే 21

మెమోకు జవాబు ఇచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆపుతారట. ఆపనీ.

రెండో నెల ముగిసింది. పరికరాలు మార్చి ఇచ్చాక గిడ్డమ్మకు పట్టీ వచ్చింది కదా, ఆమె భుజం ఎంత దాకా లేస్తుందో ఈ రోజు శివజ్యోతి గోడ మీద గీత గీసి చూసింది. చెవి దాకా లేచింది. "నొప్పి పోయిందా?" అంటే, "పోలేదు. సగం ఉండాది. ఆ సగంతో పని చేసుకుంటా" అంది గిడ్డమ్మ. తర్వాత తగువు పెట్టుకుంది. పట్టీ బరువంట, గుర్రుమంటే మనవరాలు నిద్ర లేస్తుందంట, "స్థాయిని ఎంచుకోండి అంటాది, స్థాయంటే ఏంది? నా కొడుకును అడిగితే వానికీ తెలీదు" అంది. ఈసారి ఆమె చెప్పినవన్నీ ఫిర్యాదులే. అన్నీ రాసుకున్నాను. మొదటిసారి రాసుకున్న 'బాగుండాది' కంటే ఇవి చాలా విలువైనవి.

జూన్ 2

మార్కులు వేశారు. నేను బయట వరండాలో కూర్చున్నాను. పట్టీ గెలిచింది, ఎక్కువ తేడాతో కాదు. గొంతు మార్చాలి, చప్పుడు తగ్గించాలి, బరువు తగ్గించాలి అనే షరతులతో. మూడు షరతులూ వాడినవాళ్ళు చెప్పినవే. బిళ్ళ కంపెనీని, ఫోను లేకుండా, తాళం లేకుండా, చెమటకు ఊడకుండా చేసుకుని రెండో విడతకు రమ్మన్నారు. పని ఇంకో జిల్లాకు పోలేదు. మినిట్స్‌లో నా మాటను పూర్తిగా రాశారు, నా పేరుతో. చదివితే ఎవరిదో సంగతిలా ఉంది.

జయకుమార్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఆర్నెల్లు పడతాది మేడమ్" అన్నాడు.

"తీసుకురా అప్పా. ఈసారి ఏసీ గదిలో కాదు, ఎర్రగుంట్లలో చూస్తాం."

జూన్ 14

పట్టీ నాకూ ఇచ్చారు, చీటీ మీద, అందరికీ ఇచ్చినట్టే. బిళ్ళంత బాగా పనిచేయదు నాకు. ఆరు. వ్యాయామం చేసిన రోజు ఐదు.

ఐదుతో మార్కెట్టుకు వెళ్ళి వచ్చాను.

జూలై 15

ఎర్రగుంట్లలో కల్యాణ మండపం అడిగి తీసుకున్నాం. పట్టీల మొదటి విడత పంచాం. కొత్తవాటిలో గొంతు శివజ్యోతిదే. కంపెనీవాళ్ళు ఆమెను ఒక పూటంతా కూర్చోబెట్టి రికార్డు చేశారు. ఆన్ చేయగానే "నొప్పి శానా ఉండాదా, కొంచెమేనా? శానా ఉంటే ఎర్రమీట, కొంచెమైతే తెల్లమీట" అంటుంది. ఒకామె పట్టీకి "శానా ఉండాదమ్మా" అని జవాబు చెప్పి అందరినీ నవ్వించింది.

పంచడం అయ్యాక శివజ్యోతి చాపలు పరిపించి గుండ్రంగా కూర్చోబెట్టింది. ఇకమీద నెలకొకసారి ఇలాగే కలవాలట. పరికరం ఒక్కదాంతో కాదు, ఒకరి మాట ఇంకొకరు వినాలి అంది. వరుసగా చెప్పించింది. ఎవరికి ఎక్కడ, ఎప్పటి నుంచి, దేనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది. బండలు మోసిన నడుములు, టైలరు మెడ, పొలంలో జారిపడ్డ ఒక రైతు తుంటి. నేను పక్కన కుర్చీలో కూర్చుని సంతకాల పుస్తకం చూసుకుంటున్నాను.

వరుస పూర్తయింది. గిడ్డమ్మ నా వైపు గడ్డం చూపించి, "ఆయమ్మ చెప్పలేదే?" అంది.

"ఆయమ్మ ఆఫీసరు" అని ఎవరో అన్నారు.

"ఆఫీసరయితే ఏం? పట్టీ ఆయమ్మ సంచిలో గూడా ఉండాది, నేను చూసినా." నాకేసి తిరిగింది. "నీకు యాడమ్మా?"

పుస్తకం మూసి శివజ్యోతికి ఇచ్చాను. కుర్చీలోంచి లేచి, గిడ్డమ్మ జరిగి చోటిస్తే చాప మీద కూర్చున్నాను. కాలు చాపుకున్నాను. బాసిపట్టు వేయడానికి ఈ రోజు కుదరలేదు.

"ఎడమకాలు" అన్నాను. "ఇక్కడ మొదలవుతాది."

ఎక్కడ మొదలవుతుందో చేత్తో చూపించాను. ఎక్కడి దాకా పోతుందో చూపించాను. వేడినూనె సంగతి చెప్పాను, బస్సులో ఏ వైపు సీటు వెతుక్కుంటానో చెప్పాను, ఇంట్లో ఎన్ని అబద్ధాలు ఆడానో చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ లేవలేదు.